గోల్కొండ రాజ్యంలో యూదుల ధర్మగ్రంథం – సరిచూసిన ఒక ప్రతి కథ



ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాసి ఇమ్మని కార్యదర్శి గారు కోరారు. మన ప్రాంతం వాడు చరిత్ర రాస్తానంటే కాటన్ దొర ఆనకట్టో, రాజరాజ నరేంద్రుడో అని అందరూ అనుకుంటారు. అవి మన పెద్దలు చక్కగా, చాలాసార్లు రాశారు. నేను అంతగా ప్రచారంలో లేని ఒక సంగతి రాస్తున్నాను. యూదుల ధర్మగ్రంథమైన తోరాను మన తెలుగు నేల మీద, హైదరాబాదు నగరంలో, 1647వ సంవత్సరంలో ముగ్గురు మనుషులు కూర్చొని చదివారు, పర్షియన్ భాషలోకి వచ్చిన దాని అనువాదాన్ని సరిచూశారు. ఆ ముగ్గురిలో ఒకరు యూదుల ఇంట పుట్టి ముస్లిం అయిన ఫకీరు, ఒకరు హిందూ యువకుడు, ఒకరు పార్సీ సంప్రదాయంలో పెరిగిన గ్రంథకర్త. ఇది కట్టుకథ కాదు. ఆ గ్రంథకర్త తన పుస్తకంలో సంవత్సరంతో సహా రాసి పెట్టాడు.

నాకు చరిత్రలో డిగ్రీ లేదు. ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం నకళ్ల విభాగంలో గడిపిన గుమాస్తాను. అందుకేనేమో, ఈ కథలో రాజుల కంటే, యుద్ధాల కంటే, “సరిచూశాము” అన్న ఒక్క మాట నన్ను పట్టుకుంది. ఎందుకో ముందు ముందు మనవి చేస్తాను.

తోరా అంటే ఏమిటి?

మన ఊళ్లలో క్రైస్తవ సోదరుల ఇళ్లలో బైబిలు ఉంటుంది కదా. అందులో పాత నిబంధన మొదట్లో ఆదికాండము, నిర్గమకాండము, లేవీయకాండము, సంఖ్యాకాండము, ద్వితీయోపదేశకాండము అని అయిదు గ్రంథాలున్నాయి. ఈ అయిదింటినీ కలిపి యూదులు తోరా అంటారు. మోషే ప్రవక్త ద్వారా తమకు అందిన ధర్మశాస్త్రం అని వారి విశ్వాసం. మనకు వేదం ఎటువంటిదో వారికి తోరా అటువంటిది. దాని భాష హీబ్రూ.

ప్రార్థనామందిరంలో చదివే తోరా ఈనాటికీ అచ్చు పుస్తకం కాదు. శుద్ధమని వారి ధర్మం చెప్పిన జంతువుల చర్మాన్ని పదునుచేసి, పలకలుగా కోసి, జంతువు నరాలతో చేసిన దారంతో కుట్టి, పొడుగాటి చుట్టగా తయారుచేస్తారు. దాని మీద శిక్షణ పొందిన లేఖకుడు ఈక కలంతో, సిరాతో చేతి రాతగానే రాయాలి. అందులో 3,04,805 అక్షరాలు ఉంటాయని వారి లెక్క. లేఖకుడికి ఎంత కంఠతా వచ్చినా, కంఠతా రాయకూడదు. ఎదురుగా ఒక సరైన మాతృక పెట్టుకొని, ప్రతి మాటనూ పైకి చదివి, ఆ తరువాతే రాయాలి. ఒక్క అక్షరం తప్పినా, చెరిగినా, పక్క అక్షరానికి తగిలినా ఆ ప్రతి చెల్లదు. దిద్దిన తరువాతే మళ్లీ పారాయణకు పనికివస్తుంది. భగవన్నామం రాసేటప్పుడు తప్పు పోతే దానిని గీకి తుడపడానికి కూడా వీల్లేదు, ఆ పలకనే తీసి పక్కన పెట్టాలి.

మన వేద పండితులు వేదాన్ని నోటితో కాపాడారు. పద, క్రమ, జట, ఘన అని ఒకే మంత్రాన్ని ముందుకూ వెనక్కూ తిప్పి వల్లెవేయడం అక్షరం జారిపోకుండా కట్టిన గట్టు. యూదులు అదే గట్టును చేతి రాతతో కట్టారు. పద్ధతులు వేరు, పట్టుదల ఒకటే.

ఇటువంటి గ్రంథం, కేరళలో కొచ్చిన్ వంటి చోట్ల యూదులు తరతరాలుగా కాపురం ఉన్నారు కనుక, అక్కడ ఉండడంలో ఆశ్చర్యం లేదు. గోల్కొండ రాజ్యానికి ఎలా వచ్చింది?

ఆనాటి గోల్కొండ

మన రాజమహేంద్రవరం 1570ల నుంచి గోల్కొండ కుతుబ్ షాహీల ఏలుబడిలో ఉంది. ఇబ్రహీం కుతుబ్ షాను మన కవులు మల్కిభరాముడన్నారు. అద్దంకి గంగాధర కవి తన తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకు అంకితమిచ్చాడు. తెలుగు కవిని ఆదరించిన ఆ కొలువులోనే రాజ్య వ్యవహారాలకు పర్షియన్ భాష కూడా నడిచేది. మచిలీపట్నం రేవుకూ పర్షియా దేశపు రేవులకూ నడుమ ఓడలు తిరిగేవి. డచ్చివారు, ఇంగ్లీషువారు 1600ల తొలినాళ్లలోనే అక్కడ కోఠీలు పెట్టుకున్నారు. మన నరసాపురంలో సముద్రం మీద పోయే పెద్ద ఓడలు కట్టేవారు. వజ్రాలు, కలంకారీ, నీలిమందు ఇటునుంచి వెళితే, అటునుంచి గుర్రాలతో పాటు పండితులు, వైద్యులు, వర్తకులు, ఉద్యోగార్థులు వచ్చేవారు. ఇస్ఫహాను దగ్గరి అర్దిస్తాను నుంచి వచ్చిన మీర్ ముహమ్మద్ సయీద్ అనే వర్తకుడు గోల్కొండలో మీర్ జుమ్లా పదవికి ఎదిగి, కర్ణాటక దేశాన్ని జయించి, చివరకు మొగలాయి కొలువుకు మారిపోయాడు.

ఈ కథ జరిగిన నాటికి గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా. ఆయన 1626 నుంచి 1672 వరకు రాజ్యం చేశాడు. అక్కన్న మాదన్నలూ, భద్రాచల రామదాసూ ప్రసిద్ధిలోకి వచ్చిన తానీషా కాలానికి ఇది ఒక తరం ముందు మాట అని గుర్తుపెట్టుకుంటే చాలు.

సర్మద్

పర్షియాలో కాషాన్ అనే పట్టణం ఉంది. తివాచీలకు, పట్టుబట్టలకు పేరు. అక్కడ యూదుల జనాభా, వారి పండిత కుటుంబాలు ఉండేవి. అటువంటి రబ్బీల ఇంట పుట్టినవాడు మన కథానాయకుడు. రబ్బీ అంటే యూదులలో ధర్మశాస్త్ర పండితుడు. చిన్ననాటనే తోరా, తక్కిన శాస్త్రాలు చదివాడు. తరువాత ఇస్లాం స్వీకరించి, ముల్లా సద్రా, మీర్ ఫిందిరిస్కీ వంటి ఆనాటి మహా తత్త్వవేత్తల వద్ద చదువుకున్నాడు. ముహమ్మద్ సయీద్ అని పేరు. కవిగా పెట్టుకున్న పేరు సర్మద్. ఆ మాటకు శాశ్వతం అని అర్థం.

1630లలో వ్యాపారం నిమిత్తం ఓడ ఎక్కి సింధు దేశంలోని తట్టా పట్టణానికి వచ్చాడు. అక్కడ అభయ్‌చంద్ అనే హిందూ యువకుడిని చూశాడు. ఆ చూపుతో అతని జీవితమే మారిపోయింది. అభయ్‌చంద్ మీద కలిగిన గాఢమైన అనురాగంతో సర్మద్ సరుకూ సొమ్మూ అంతా వదిలేశాడు. చివరకు ఒంటి మీద బట్ట కూడా వదిలేసి దిగంబర ఫకీరు అయ్యాడు. అభయ్‌చంద్ తండ్రి మొదట కొడుకును దాచినా, సర్మద్ మనసులో కల్మషం లేదని గ్రహించి తరువాత అతనితో పంపాడని ఆనాటి పుస్తకమే చెబుతోంది. ఇద్దరూ లాహోరు మీదుగా దేశాలు తిరుగుతూ 1640లలో గోల్కొండ రాజ్యానికి, హైదరాబాదుకు చేరారు.

గమనించండి. సర్మద్ తన ఆస్తి అంతా వదిలాడు గాని చదువు వదలలేదు. వదలాలన్నా అది వదిలేది కాదు. తనకు బాల్యంలో అబ్బిన తోరాను, దావీదు కీర్తనలను అభయ్‌చంద్‌కు నేర్పాడు. ఆ సింధు యువకుడు కూడా సామాన్యుడు కాడు. తోరాలో కొంత భాగాన్ని పర్షియన్‌లోకి తిప్పాడు. ఒక యూదుల బిడ్డ తాత ముత్తాతల ఆస్తి ఈ విధంగా ఒక హిందువు చేతికి వచ్చింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. తోరాకు పర్షియన్ అనువాదం ఇదే మొదటిది కాదు. 1546లోనే ఇస్తాంబుల్ నగరంలో పర్షియన్ అనువాదంతో తోరా అచ్చయింది. కాని ఆ పర్షియన్‌ను హీబ్రూ లిపిలో అచ్చువేశారు. యూదులు తప్ప ఇతరులు చదువుకోలేరు. అభయ్‌చంద్ అనువాదమో, ఆనాటి భారతదేశంలో చదువుకున్న హిందువులు, ముస్లిములు, పార్సీలు అందరూ చదవగలిగిన పర్షియన్‌లో వెలువడింది.

మతాల బడి

మూడో మనిషిని ఇప్పుడు పరిచయం చేయాలి. పర్షియన్ భాషలో “దబిస్తాన్-ఎ-మజాహిబ్” అనే పుస్తకం ఉంది. దబిస్తాన్ అంటే బడి. మజాహిబ్ అంటే మతాలు. మతాల బడి అన్నమాట. దీని కర్త ఎవరన్న విషయంలో చాలాకాలం పొరపాటు నడిచింది. సర్ విలియం జోన్స్ అంతటివాడు కాశ్మీరుకు చెందిన మొహసిన్ ఫానీ అనుకున్నాడు. తరువాత దొరికిన రాతప్రతులను బట్టి మోబద్ అనే పేరుతో కవిత్వం చెప్పిన మీర్ జుల్ఫికార్ అర్దిస్తానీ దీని కర్త అని పండితులు ఎక్కువమంది ఇప్పుడు అంగీకరిస్తున్నారు. ఈయన పాట్నాలో స్థిరపడిన ఆజర్ కైవాన్ అనే పార్సీ గురువు శిష్యుల నడుమ పెరిగాడు.

ఈయన చేసిన పని ఏమిటంటే, దేశమంతా తిరిగి, ఏ మతం గురించి రాయాలో ఆ మతం వాళ్లనే కలుసుకొని, వాళ్లు చెప్పింది విని, వాళ్ల గ్రంథాలు చూసి రాశాడు. పార్సీలు, హిందువులు, టిబెట్టువారు, యూదులు, క్రైస్తవులు, ముస్లిములు – ఈ విధంగా పుస్తకం పన్నెండు అధ్యాయాలు. సిక్కుల గురించి వారి మతానికి బయటివారు రాసిన తొలి వివరాలలో ఈ పుస్తకం ఒకటి. ఆరవ గురువు హరగోవింద్‌తో ఈయనకు పరిచయం ఉంది. ఒక మతాన్ని పొగిడి మరొకదాన్ని తిట్టే ఉద్దేశం ఇందులో కనిపించదు.

నాలుగో అధ్యాయం యూదులది. దానికి యూదు పండితుడు కావాలి. హిజ్రీ 1057లో, అంటే 1647లో, తాను హైదరాబాదుకు వచ్చి అక్కడ సర్మద్‌తో స్నేహం చేశానని గ్రంథకర్త రాశాడు. సర్మద్ చెప్పిన విషయాలు రాసుకున్నాడు. అభయ్‌చంద్ చేసిన తోరా అనువాదంలో నుంచి కొంత భాగం తన పుస్తకంలో చేర్చుకున్నాడు. సృష్టి మొదలు, ఆదాము హవ్వల కథ, కయీను తమ్ముణ్ణి చంపడం, ఆదాము సంతతి పేర్లు – ఇదంతా ఆదికాండంలోని తొలి అధ్యాయాల విషయం. అయితే తెచ్చింది తెచ్చినట్టు ఎత్తి రాసుకోలేదు. ఆ అనువాదాన్ని సర్మద్ దగ్గర పెట్టి, వాక్యం వాక్యం సరిచూసి, సవరించి చేర్చానని చెప్పాడు.

నన్ను పట్టుకున్న మాట ఇదే.

సరిచూడడం

మన సభ్యులలో నకళ్ల విభాగంలో పనిచేసినవారు చాలామంది ఉన్నారు. ఆ రోజులలో జెరాక్సు యంత్రాలు లేవు. ఒక పత్రానికి నకలు కావాలంటే చేత్తోనో, టైపు మీదనో తీయాలి. తరువాత ఇద్దరు గుమాస్తాలు ఎదురెదురుగా కూర్చోవాలి. ఒకరు అసలు పట్టుకొని పైకి చదవాలి. రెండోవారు నకలు మీద వేలు పెట్టుకొని వెంబడించాలి. కామా, ఫుల్‌స్టాపులతో సహా చదవాలి. అంతా సరిపోతేనే అడుగున “కంపేర్డ్” అని పొట్టి సంతకం పడుతుంది. అప్పుడుగాని అది “ట్రూ కాపీ” కాదు.

ఒక సంగతి దాచకుండా చెబుతాను. ఉద్యోగంలో చేరిన నాలుగైదేళ్లకు, ఒక వేసవి సాయంత్రం పని పేరుకుపోయి, పక్క గుమాస్తా సెలవులో ఉంటే, చదవకుండానే ఒక నకలు మీద సంతకం పెట్టాను. అది చనిపోయిన ఒక బంట్రోతు సర్వీసు రికార్డులోని పుట. అసలులో భార్య పేరు ఒక విధంగా, నకలులో మరొక విధంగా పడింది. రెండక్షరాల తేడా. ఆ రెండక్షరాల వల్ల ఆమెకు ఫ్యామిలీ పెన్షన్ పదకొండు నెలలు ఆగింది. తప్పు ఎక్కడ పడిందో తెలిసిననాడు ఆమె మా ఆఫీసు వరండాలో కూర్చొని ఉంది. “నా పేరు నాకే లేకుండా పోయింది బాబూ” అంది. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. ఆ తరువాత పదవీ విరమణ చేసేవరకు చదవకుండా సంతకం పెట్టలేదు.

అందుచేత, ఒక్క అక్షరం తప్పితే తోరా ప్రతి చెల్లదన్న యూదుల నియమం చాదస్తంగా నాకు కనిపించదు. మన పెన్షనర్లు ఎవరికీ కనిపించకూడదు. పుట్టిన తేదీలో ఒక అంకె, పేరులో ఒక అక్షరం ఎంత పని చేస్తాయో మనకు తెలిసినంతగా ఎవరికి తెలుసు?

1647లో ఆ గ్రంథకర్తను ఎవరు తనిఖీ చేస్తారు? అభయ్‌చంద్ ఇచ్చింది ఇచ్చినట్టు చేర్చుకున్నా అడిగేవారు లేరు. చదివేవారిలో హీబ్రూ తెలిసినవారు అరుదు. అయినా, తనది కాని మతం గురించి, తనకు రాని భాషలోని గ్రంథం గురించి రాస్తున్నప్పుడు ఆ మతం తెలిసినవాడి ముందు కూర్చొని వాక్యం వాక్యం చదివించుకున్నాడు. ఎదుటివాడి ధర్మగ్రంథాన్ని గౌరవించడం అంటే నా దృష్టిలో ఇదే. దండం పెట్టడం తేలిక. సరిగ్గా చదవడం కష్టం.

చక్రవర్తి చేతిలో, ఫకీరు చేతిలో

1580లో ఫతేపూర్ సిక్రీలో అక్బరు చక్రవర్తికి జెసూట్ ఫాదిరీలు బెల్జియం దేశంలోని ఆంట్‌వెర్ప్‌లో అచ్చయిన ఘనమైన బైబిలును బహూకరించారు. హీబ్రూ, గ్రీకు, లాటిను మొదలైన భాషల పాఠాలు పక్కపక్కన అచ్చువేసిన పెద్ద సంపుటాలు అవి. అచ్చువేసినవాడు క్రిస్టఫ్ ప్లాంటిన్. అక్బరు ఒక్కొక్క సంపుటాన్ని ముద్దుపెట్టుకొని తలపై పెట్టుకున్నాడని ఫాదిరీలు రాశారు. అది ఒక మహారాజు మర్యాద.

అదే తోరా గోల్కొండకు వచ్చినప్పుడు దాని తరఫున నిలబడినవాడు కట్టుబట్ట కూడా లేని సర్మద్. అతనికి భద్రపరచుకోవడానికి పెట్టె లేదు, పెట్టడానికి ఇల్లు లేదు. అరుదైన పాత గ్రంథాల యజమానుల పేర్లు చరిత్రలో చాలా ఉంటాయి. తన దగ్గర ఉన్నదాన్ని ఆస్తిగా కాక చదువుగా ఉంచుకొని, అడిగినవాడికి అడిగినట్టు పంచిపెట్టిన ఇటువంటి యజమాని మాత్రం అరుదు.

తరువాత ఏమైంది?

సర్మద్ హైదరాబాదు విడిచి 1650లలో ఢిల్లీ చేరాడు. షాజహాను పెద్ద కొడుకు దారా షుకో అతన్ని ఆదరించాడు. ఉపనిషత్తులను పర్షియన్‌లోకి అనువదింపజేసిన దారాకు, తోరా అనువాదం చేయించిన సర్మద్ నచ్చడంలో వింత లేదు. కాని అన్నదమ్ముల యుద్ధంలో దారా ఓడిపోయాడు. 1659లో అతన్ని చంపించారు. సింహాసనం ఔరంగజేబుది అయింది. దారాకు ఆప్తుడైన సర్మద్ మీద మతవిరుద్ధ ప్రవర్తన నేరం మోపి, 1661 ప్రాంతంలో శిరచ్ఛేదం చేశారు. దిగంబరంగా తిరగడం, ఇస్లాం విశ్వాస వాక్యాన్ని సగం వరకే పలకడం అతని మీద వచ్చిన అభియోగాలని చెప్పుకుంటారు. అతని సమాధి ఢిల్లీలో జామా మసీదు తూర్పు వైపున ఉంది. ఎర్రరంగు వేసి ఉంటుంది. ఇప్పటికీ అన్ని మతాలవారూ వెళ్లి పూలు పెడతారు. మన మొదటి విద్యామంత్రి మౌలానా అబుల్ కలాం ఆజాద్ యువకుడుగా ఉన్నప్పుడే సర్మద్ మీద ఉర్దూలో ఒక వ్యాసం రాశారు.

మనిషి పోయాడు. పుస్తకం నిలిచింది. దబిస్తాన్ రాతప్రతులు చేతులు మారుతూ నడిచాయి. 1789లో ఫ్రాన్సిస్ గ్లాడ్విన్ దాని మొదటి అధ్యాయాన్ని ఇంగ్లీషు చేశాడు. 1809లో కలకత్తాలో మొత్తం పుస్తకం పర్షియన్‌లో అచ్చయింది. 1843లో డేవిడ్ షే, ఆంథనీ ట్రాయర్ చేసిన ఇంగ్లీషు అనువాదం మూడు సంపుటాలుగా పారిస్‌లో వెలువడింది. తరువాతి కాలంలో వాల్టర్ ఫిషెల్ అనే యూదు పండితుడు భారతదేశంలో యూదుల చరిత్ర రాస్తూ సర్మద్, అభయ్‌చంద్‌ల సంగతి వివరించాడు. హైదరాబాదులో ముగ్గురు మనుషులు సరిచూసుకున్న ఆ కొద్ది పుటలు ఈ విధంగా ప్రపంచమంతా చదివే పుటలయ్యాయి.

మన గోదావరి వారికి ఇంకొక చిన్న సంతోషం. ఆ గ్రంథకర్త 1650 దాటిన తరువాత కళింగ దేశంలోని శ్రీకాకుళంలో ఉన్నట్టు అదే పుస్తకంలో ఉంది. హైదరాబాదు వైపునుంచి భూమార్గాన శ్రీకాకుళం పోవాలంటే ఎక్కడో ఒక రేవులో గోదావరి దాటక తప్పదు. ఆ పడవ మన రాజమహేంద్రవరం రేవులోనే కట్టి ఉంటుందని ఊహించుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అయితే ఇది నా ఊహే గాని చరిత్ర కాదు. నకళ్ల గుమాస్తాను కనుక ఆ తేడా చెప్పడం నా విధి.

పాత పుస్తకాన్ని ఏం చేయాలి?

యూదులలో ఒక ఆచారం ఉంది. తోరా చుట్ట పాతబడి చిరిగి పారాయణకు పనికిరాకపోతే పారవేయరు. కాల్చరు. భగవన్నామం ఉన్న ఏ కాగితాన్నయినా ప్రార్థనామందిరంలో “గెనీజా” అనే గదిలో దాచి, తరువాత మనిషిని పాతిపెట్టినట్టు గౌరవంగా భూమిలో పెడతారు. ఈజిప్టు దేశంలో కైరో నగరంలోని బెన్ ఎజ్రా ప్రార్థనామందిరంలో మాత్రం గెనీజాలో వేసినవి భూమిలో పెట్టకుండా వందల ఏళ్లపాటు అలాగే పోగుపడ్డాయి. 1896–97లో సాలమన్ షెఖ్టర్ అనే పండితుడు వెళ్లి సుమారు రెండు లక్షల కాగితపు ముక్కలు కేంబ్రిడ్జికి చేర్చాడు. అందులో ధర్మగ్రంథాలే కాదు, జాబులు, లెక్కలు, ఒప్పందాలు కూడా ఉన్నాయి. పన్నెండవ శతాబ్దంలో మన మంగళూరులో ఉండి వ్యాపారం చేసిన అబ్రహాం బెన్ యీజూ అనే యూదు వర్తకుడి ఉత్తరాలు కూడా ఆ కుప్పలో దొరికాయి. పనికిరావని పారేస్తే ఎనిమిది వందల ఏళ్లనాటి మన పడమటి తీరపు వర్తకం గురించి అంత వివరం మనకు దక్కేది కాదు.

ఇది చదివిననాడు నాకు 1967 పుష్కరాలు గుర్తుకు వచ్చాయి. మా ఇంట అటక మీద మా తాతగారి నాటి తాళపత్రాల కట్టలు మూడు ఉండేవి. చెదలు పట్టడం మొదలైంది. చదవగలిగినవారు ఇంట్లో ఎవరూ మిగలలేదు. పూజ చేయని పుస్తకం ఇంట్లో ఉండకూడదు, గంగలో కలిపితే పుణ్యం అని పెద్దలు నిర్ణయించారు. కోటిలింగాల రేవులో పసుపు కుంకుమలు చల్లి నీటిలోకి వదిలినవి ఈ చేతులే. అప్పటికి నాకు పదిహేడేళ్లు. కట్టల్లో ఒకటి వెంటనే మునగలేదు. కొంతదూరం తేలుతూ వెళ్లింది. నేను చూస్తూ నిలబడ్డాను. అందులో ఏముందో ఎవరూ చదవలేదు, ఎవరూ నకలు తీయలేదు. వైద్యమో, జాతకాలో, ఏ కవి పద్యాలో ఇక ఎవరికీ తెలియదు. భక్తితోనే చేశాము. ఆ భక్తిలో చదవడం అనే భాగం లోపించింది.

మా ఇంట్లో పోయినది పోయింది. మీ ఇళ్లలో ఇంకా ఉండవచ్చు. మన కాకినాడలో జయంతి రామయ్య పంతులు గారి ఆంధ్ర సాహిత్య పరిషత్తు, రాజమండ్రిలో గౌతమీ గ్రంథాలయం తాళపత్రాలు సేకరించి భద్రపరచిన సంస్థలే. తాళపత్రాలే కానక్కర్లేదు. తాతగారి దస్తావేజులు, పాత ఉత్తరాలు, కరణాల లెక్కల పుస్తకాలు, అమ్మమ్మ చేత్తో రాసుకున్న పాటల నోటుబుక్కు ఏవి ఉన్నా, పాత కాగితాలవాడికి వేసేముందు, నదిలో వదిలేముందు, ఒక్కసారి చదవండి. చదవలేకపోతే చదవగలిగినవారికి చూపండి. ఇప్పుడు మనుమల చేతుల్లో ఉన్న సెల్‌ఫోనుతో ఫొటో తీయడానికి అరగంట చాలు. 2027లో మళ్లీ గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. పితృదేవతలకు తర్పణం వదులుదాం. వారు రాసి ఇచ్చినవి మాత్రం వదలవద్దు.

సర్మద్ దగ్గర ఏమీ లేదు, ఉన్నదంతా చెప్పాడు. అభయ్‌చంద్ తన మతం కాని గ్రంథాన్ని కష్టపడి తన భాషలోకి తెచ్చాడు. ఆ గ్రంథకర్త చదివించుకొని, సరిచూసుకొని రాశాడు. ముగ్గురూ మూడు దారుల మనుషులు. మన తెలుగు రాజధానిలో కలుసుకొని ఒక పని సవ్యంగా చేశారు. ఆ పుటల అడుగున ఎవరి పొట్టి సంతకమూ ఉండకపోవచ్చు. పొట్టి సంతకాల విలువ తెలిసిన పాత గుమాస్తాగా ఆ ముగ్గురికీ నమస్కరించి సెలవు తీసుకుంటున్నాను.